తొంభైతొమ్మిదో ర్యాక్

"సంతకం పెట్టించుకు రా. నీ పని అంతే," అన్నాడు దినేష్.

డైనింగ్ టేబుల్ మీద ఇడ్లీల పళ్ళేనికీ పచ్చడి గిన్నెకూ మధ్య ఒక కాగితం ఉంది. దాని మీద మరక పడుతుందేమోనని రేఖ గిన్నెను పక్కకు జరిపింది. కొంప అంటుకున్నా గిన్నెలు సర్దడం మాత్రం ఆడదానికి తప్పదు కాబోలు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. రేఖ అప్పటికి నాలుగుసార్లు చదివింది. కంప్యూటర్ విభాగంలో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్న సాయిలు అనే నేను, తొంభైతొమ్మిదో ర్యాక్ సంగతి తెలిసి కూడా, కావాలనే కొత్త సాఫ్ట్‌వేర్ బృందానికి చెప్పలేదు. జరిగిన నష్టానికి నాదే బాధ్యత. కింద గీత గీసి ఖాళీ వదిలారు. ఆ ఖాళీ రేఖ తండ్రి కోసం.

"మా నాన్న దగ్గరికి దీన్ని నేను పట్టుకుపోవాలా?"

"నువ్వు కాకపోతే పోలీసులు పట్టుకుపోతారు. ఏది మంచిది?"

"ఆయన కావాలని చేశాడని నువ్వు నమ్ముతున్నావా?"

"నేను ఏం నమ్ముతున్నానో ఎవరికి కావాలి రేఖా? మీ నాన్న సమ్మె టెంటు కింద కూర్చున్న ఫొటో పేపర్లో వచ్చింది. మెడలో గులాబీ కండువా. మా డైరెక్టర్లు అది చూశారు. వాళ్ళు నమ్ముతున్నారు."

వంటింటి గుమ్మం దగ్గర చేటలో కందిపప్పు ఏరుతూ నాగమణి కూర్చుంది. దినేష్ తల్లి. మామూలు మాటలు వీధి చివరిదాకా వినపడేలా మాట్లాడే మనిషి, చెడ్డమాట అనేటప్పుడు మాత్రం గొంతు తగ్గిస్తుంది. ఇప్పుడు తగ్గించింది.

"ఏం పాపా, సంతకం పెడితే మీ నాయనకు పోయేదేముండాది? డిసెంబరుకు ఎట్లాగూ ఇంటికి పోయే మనిషి. నా కొడుకు బతుకు ఇంకా ముందర ఉండాది."

"అత్తయ్యా, ఆయన ఇరవై ఆరేళ్ళు..."

"ఇరవై ఆరేండ్లు చేసినోడు ఒక్క మాట చెప్పలేకపోయినాడా? మేమేమన్నా మీ తెలంగాణకు అడ్డం పడినామా? మేము సీమోళ్ళం. మమ్మల్ని అడిగేవాళ్ళూ లేరు, పెట్టేవాళ్ళూ లేరు. మా మింద కోపం తీర్చుకునేకి నా కొడుకే దొరికినాడా?"

రేఖ తల వంచుకుని వింది. ఈ నాలుగు రోజులుగా ఆ ఇంట్లో ఆమె చేస్తున్న పని అదొక్కటే.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవారికి ఒక ముక్క చెప్పాలి. జీడిమెట్లలోని ఒక మందుల కంపెనీ పాతికేళ్ళకు పైగా ఒక పెద్ద కంప్యూటర్ మీద నడిచింది. మెయిన్‌ఫ్రేమ్ అంటారు. బీరువాలంత పెట్టెలు, వణికించే చలిగది, చెవులు చిల్లులు పడే ప్రింటర్. దాన్ని తీసేసి కొత్త ఎంటర్‌ప్రైజ్ సాఫ్ట్‌వేర్ పెట్టడానికి హైటెక్ సిటీ నుంచి దినేష్ బృందం వచ్చింది. ఏడాదిలో ముగుస్తుందన్నారు, రెండున్నరేళ్ళు పట్టింది. ఖర్చు మూడింతలైంది. దసరాకల్లా పాతదాన్ని ఆపకపోతే దినేష్ ఉద్యోగం ఊడేలా ఉంది. అందుకని ఆపేశాడు.

ఆ పాత కంప్యూటర్‌లో 'ఈ సరుకు బయటికి పంపొద్దు' అని రాసుకోవడానికి చోటు లేదు. 1988లో గోదాము నర్సయ్య ఒక ఉపాయం చెప్పాడు. మన గోదాములో ఉన్నవి అరవై ర్యాకులే గదా, పంపకూడని పెట్టెలకు తొంభైతొమ్మిదో ర్యాక్ అని రాయండి, లేని ర్యాక్ నుంచి సరుకు ఎవడు దించుతాడు అన్నాడు. సాయిలు ప్రోగ్రాములో అలాగే రాశాడు. ఇరవై మూడేళ్ళు ఏ ఇబ్బందీ రాలేదు. అందరికీ తెలిసిందే గదా అని ఎవరూ ఏ కాగితం మీదా రాసుకోలేదు.

కొత్త సాఫ్ట్‌వేర్ లేని ర్యాకును ఒప్పుకోలేదు. తెర నిండా ఎర్రగా చూపించింది. డేటా శుభ్రం చేసే బృందం ఆ తొంభైతొమ్మిదులన్నిటినీ ఒకటో ర్యాకుగా మార్చేసింది. అంతే, ఆగస్టులో మందు మోతాదు తక్కువైందని మూలగదిలో పెట్టిన ఫిట్స్ మాత్రలు మంచి సరుకైపోయాయి. దసరా మర్నాడు బ్యాచ్ నంబరు చూసి కాంట్రాక్టు కూలీలు లారీ ఎక్కించారు. కొన్ని పెట్టెలు కంపెనీ డిస్పెన్సరీకే పోయాయి. 'అవి ముట్టుకోవద్దు' అని అరవాల్సిన నర్సయ్య ఆ రోజు గోదాములో లేడు. తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెలో షాపూర్‌నగర్ చౌరస్తా టెంటు కింద ఉన్నాడు.

నర్సయ్యకు ఇరవై ఏళ్ళుగా ఫిట్స్ ఉన్నాయి. నెలనెలా మాత్రలు కంపెనీ డిస్పెన్సరీలోనే తీసుకుంటాడు.

పోయిన ఆదివారం చౌరస్తాలో వంటా వార్పూ పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే వడ్డించుకుని తినే నిరసన అది. అన్నం గుండిగ కలుపుతూ నర్సయ్య బిగుసుకుపోయి పొయ్యిలో పడ్డాడు. మొదటిరోజు జనం ఇంకోలా అనుకున్నారు. రాష్ట్రం కోసం ఒంటికి నిప్పు పెట్టుకున్నాడని నినాదాలు కూడా చేశారు. మర్నాడు డాక్టర్ అతని జేబులోని మాత్రల పట్టీ చూసి, ఇవి ఎక్కడివని అడిగాడు. అప్పటికే ఇంకో మూడు ఊళ్ళ నుంచి అవే మాత్రల మీద ఫిర్యాదులు వచ్చి ఉన్నాయి. కంపెనీ సరుకునంతా వెనక్కి తెప్పించుకుంటోంది.

ఇదంతా దినేష్‌కు తెలుసు. అతనికి తెలియని ముక్క ఒకటుంది, అది రేఖకు తెలుసు.

డేటా శుభ్రం చేసిన బృందానికి పెద్ద రేఖేనని దినేష్‌కు తెలుసు. ఫోన్ సంగతే తెలియదు. సద్దుల బతుకమ్మ నాడు, సాఫ్ట్‌వేర్ మారడానికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం మూడింటికి సాయిలు ఆమెకు ఫోన్ చేశాడు. గాజు గదిలో మీటింగ్ నడుస్తోంది. "బిడ్డా, తొంభైతొమ్మిది అని ఉంటది చూడు, గది ర్యాక్ గాదు, గవి బయటికి పోవద్దు," అన్నాడు. గట్టిగా, అరిచినట్టు, ఎప్పటిలాగే. పక్కన కూర్చున్న పిల్ల నవ్వు ఆపుకుంది. ఆఫీసులో రేఖ మాటల్లో 'గిట్ల', 'గది' ఉండవు. ఏడేళ్ళు కష్టపడి తీసేసుకుంది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

"ఇక్కడ అందరూ ఉన్నారు నాన్నా. ఏదున్నా ఈమెయిల్ పెట్టండి," అంది.

"నా లాగిన్ మొన్ననే తీసేసిన్రు గద బిడ్డా."

"సరే, చూస్తాలెండి," అని పెట్టేసింది. మొత్తం నలభై సెకన్లు. తర్వాత చూడలేదు. మరిచిపోయింది అనుకుందామంటే మరిచిపోనూ లేదు. ఎర్రగీతలు రెండు వందల పైన కనపడ్డప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. అడగాలంటే మళ్ళీ ఫోన్ చేయాలి, పని రెండు రోజులు ఆగాలి, దినేష్ మొహం చూడాలి. ఒకటి అని మార్చేసింది.

ఇప్పుడు దొంగకు తేలు కుట్టినట్టుగా కూర్చుంది. రేఖ చెడ్డది కాదు, పిరికిది. చెప్పేయాలని రోజూ పొద్దున నిశ్చయించుకుంటుంది, మధ్యాహ్నానికి రేపు అనుకుంటుంది.

దినేష్ ఫోన్ మోగింది. వాళ్ళ పైఅధికారి వెంకటనారాయణ. దినేష్ మాట్లాడి, ఫోన్ రేఖకు ఇచ్చాడు.

"అమ్మా రేఖా, మీ నాన్నగారు పెద్దవారండి. ఆయనకేమీ కానివ్వం," అన్నాడాయన, పెళ్ళిలో వడ్డన పెద్దలాగా మెత్తగా. "కాగితం మన ఫైల్లో ఉంటుందంతే. ఇప్పుడు ఆఫీసుల్లో అధికారులెవరూ లేరు కదండీ, సమ్మె. ఇవాళో రేపో విరమిస్తారంటున్నారు. వాళ్ళు సీట్లలో కూర్చునేసరికి మన చేతిలో ఏదో ఒకటి ఉండాలండి. నాలుగింటికల్లా పంపించేయండి."

"లేకపోతే ఏమవుతుందండీ?"

"లేకపోతే ఎవరెవరు ఏ రోజు ఏం చేశారో మొదటినుంచీ తవ్వుతారండి. డేటా షీటు మీద ఎవరి పేరుందో మీకు తెలుసు కదమ్మా."

రేఖ ఫోన్ తిరిగి ఇచ్చేసింది. నాగమణి చేట పక్కన పెట్టి లేచి, కోడలికి రెండు ఇడ్లీలు వడ్డించింది.

"తిని పో. ఆకలితో పోతే మాట సరిగ్గా రాదు," అంది.

*

మదీనాగూడ నుంచి సూరారం పోవడానికి మామూలు రోజుల్లో ముప్పావుగంట. ఆ రోజు బాచుపల్లి దగ్గరే గంట ఆగారు. నడిరోడ్డు మీద నాలుగు పొయ్యిలు. పొగ. సమ్మెలో ఆగిన బస్సులు వారం కిందటే మొదలయ్యాయి గాని, ఇక్కడి టెంటు ఇంకా లేవలేదు.

ఒక యువకుడు కారు అద్దం మీద కొట్టాడు. దినేష్ కిందికి దించాడు.

"అన్నా, జై తెలంగాణ అని పో."

"జై తెలంగాణ," అన్నాడు దినేష్, పార్కింగ్ చీటీ ఇచ్చినంత తేలిగ్గా.

గరిటె పట్టుకున్న ఒక ముసలామె విస్తరాకులో కిచిడీ తెచ్చి అతని చేతిలో పెట్టింది. "జర తిని పో కొడుకా. పొద్దుగాల్ల ఎప్పుడు తిన్నవో," అంది. ఆమె వెనక పొయ్యి మండుతోంది. రేఖ ఒళ్ళోకి చూస్తూ కూర్చుంది.

మలుపు తిరిగాక దినేష్ అద్దం దించి విస్తరాకును బయటికి విసిరేశాడు. రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు.

"చూశావుగా. నోటితో ఒక మాట అన్నాను, దారి వదిలారు. నాకేమైనా పోయిందా? మీ నాన్న చేయాల్సిందీ అంతే."

"నువ్వన్న మాట గాలికి పోయింది. ఆయనది కాగితం మీద ఉంటుంది."

"అయితే చెప్పు. ఇంకో దారి ఏముంది? నీకు తెలిసింది ఏమైనా ఉంటే చెప్పు."

అడిగాడే గాని అతను ఆమె వైపు చూడలేదు. రోడ్డు మీదే చూపు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రేఖకు మళ్ళీ రాదు. గాజులరామారం వచ్చింది, సూరారం వచ్చింది, మాట మాత్రం రాలేదు.

*

సాయిలు అప్పుడే దవాఖాన నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల వసారా. వసారాలోనే పొయ్యి దగ్గర సక్కుబాయి జొన్నరొట్టె చేస్తోంది. కూతురిని చూసి రమ్మని తలూపింది గాని నోరు విప్పలేదు. ఎప్పుడూ ఆగకుండా మాట్లాడే మనిషి. నాలుగు రోజుల నుంచి ఆమెకు మాటలు తగ్గాయి.

"కూసో అల్లుడా," అన్నాడు సాయిలు. "నర్సయ్యను చూసొచ్చిన. మొఖం తెలుస్తలేదు. కాళ్ళు చూసి పట్టుకున్న. ఎడమకాలు బొటనవేలు లేదు గద, డ్రమ్ము పడి పోయింది తొంభై రెండుల."

"డాక్టర్లు ఏమంటున్నారు మామా?" దినేష్ గొంతు పెంచి అడిగాడు. సాయిలుకు చెవులు సరిగ్గా వినపడవు. ప్రింటర్ గదిలో పాతికేళ్ళు కూర్చున్నందుకు కంపెనీ ఇచ్చిన బహుమానం అది.

"ఏమంటరు. చూద్దాం అంటున్నరు. చంద్రమ్మ అడుగుతున్నది, గా మాత్రలు ఎవలు పంపిన్రు, ఎవలు పంపిన్రు అని. నాకేం చెప్పాల్నో సమజ్ కాలే."

చంద్రమ్మ నర్సయ్య భార్య. పక్క గల్లీలోనే ఇల్లు.

దినేష్ కాగితం తీసి మంచం మీద పెట్టాడు. సాయిలు కళ్ళజోడు పెట్టుకుని, గూట్లోంచి ఒక చెక్క స్కేలు తీశాడు. ఒక్కో వరస కింద స్కేలు ఆనించి చదవడం మొదలుపెట్టాడు. ప్రోగ్రాము కాగితాలు ఇరవై ఆరేళ్ళు అలాగే చదివాడు. తన మెడకు తాడు అవుతున్న కాగితాన్ని కూడా అంత శ్రద్ధగా చదువుతుంటే రేఖ దర్వాజా దగ్గరికి జరిగింది.

"గిది తప్పు," అన్నాడు.

ముగ్గురూ తలెత్తారు.

"తొంభైతొమ్మిది పెట్టింది రెండువేల రెండు నుంచి అని రాసిన్రు. కాదు. ఎనభై ఎనిమిది. ఇంకోటి, నర్సయ్య పేరు రాయలే. గా ఉపాయం నర్సయ్యది, నాది గాదు."

"నర్సయ్య పేరు వద్దు మామా. బాగుండదు."

"మంచిగుండదా? సరే. గీ ఇంటెన్షనల్లీ అన్న మాట గూడ తీసెయ్యి. కావాలని అంటే ఎట్ల? యాది మరిచిండు అని రాయి. ముసలోన్ని, మరిచిపోయిన. గంత రాసుకో, సంతకం పెడత."

"మరిచిపోయారంటే నమ్మరు. పాత ప్రోగ్రాములో పన్నెండు చోట్ల తొంభైతొమ్మిది అని మీ చేత్తో మీరే రాశారు. పైగా టెంటులో కూర్చున్నారు."

"రెండు దినాలు కూసున్న. నర్సయ్య ఒక్కడే ఉంటడని పోయిన." సాయిలు కళ్ళజోడు తీశాడు. "రాష్ట్రం రావాల్నని నాకు గూడ ఉంటది. దానికోసం మందుల మీద మన్ను పోస్తనా అల్లుడా? నా దోస్తును పొయ్యిల ఏస్తనా?"

దినేష్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఒక్కటే అడుగుతాను మామా. మీరు చెప్పలేదంటే తప్పు మీది. చెప్పారంటే, విన్నవాళ్ళది. విన్నవాళ్ళు ఎవరో వాళ్ళ ఉద్యోగం పోతుంది, కేసు అవుతుంది, ఇంకెక్కడా పని దొరకదు. ఇప్పుడు చెప్పండి. ఎవరికైనా చెప్పారా?"

పొయ్యి దగ్గర పిండి తట్టే చప్పుడు ఆగిపోయింది.

రేఖ దర్వాజా పట్టుకుని నిలబడి ఉంది. "నాయినా..." అంది. ఆఫీసులో తీసేసుకున్న మాట దానంతటదే వచ్చింది.

"నువ్వు ఆగు బిడ్డా. మేం మాట్లాడుతున్నం గద," అన్నాడు సాయిలు. కూతురి వైపు చూడలేదు. స్కేలును వేళ్ళ మధ్య తిప్పాడు. "ఎవ్వలకు చెప్పలే."

"ఎవరికీ?"

"చెప్పలే అంటున్న గద. ఎన్నిసార్లు అడుగుతవ్."

రేఖ ఆ క్షణంలో మాట్లాడి ఉండాల్సింది. ఈ భాగం ఇక్కడితో అయిపోయేది. కాని తండ్రి అబద్ధం ఆడిన మరుక్షణం ఆమె గుండె తేలికపడింది. అదే నిజం, దాచి లాభం లేదు. తర్వాత తన్ను తాను అసహ్యించుకుంది గాని, ముందు ఊపిరి పీల్చుకుంది.

సంవత్సరం తప్పు పడింది గనక కాగితం మళ్ళీ రాయాలి. కరెంటు లేదు. బొగ్గు గనులు ఆగి నెల దాటింది, మధ్యాహ్నమంతా కోతే. టైపు దుకాణాలు మూసి ఉన్నాయి.

"చేత్తోనే రాద్దాం," అన్నాడు దినేష్ వాచీ చూసుకుంటూ. "రేఖా, నువ్వు రాయి. మామ రాస్తే ఇంగ్లీషులో తప్పులు పోతాయి."

కంపెనీలో పాతికేళ్ళు నడిచిన ప్రోగ్రాములన్నీ రాసింది ఆ చెయ్యే. సాయిలు మంచం మీద చోటు ఇచ్చాడు. గూట్లోంచి తెల్లకాగితం, పెన్ను తీసి కూతురికి ఇచ్చాడు.

ఆమె రాసింది. ఆయన చెప్తుంటే ఒక్కో వరసా రాసింది. 'సాయిలు అనే నేను' అని తండ్రి తరఫున తన చేతిరాతతో రాసింది. ఎనభై ఎనిమిది అని రాసింది. కావాలని అన్న మాట దగ్గరికొచ్చేసరికి పెన్ను కదల్లేదు.

"రాయి బిడ్డా."

రాసింది. సాయిలు వంగి చూశాడు.

"ఇంటెన్షనల్లీకి రెండు ఎల్‌లు ఉంటయి. ఒక్కటే రాసినవ్," అన్నాడు మెల్లగా. ఆమె ఇంకో అక్షరం ఇరికించింది. దినేష్ గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు.

సాయిలు సంతకం పెట్టాడు. తేదీ వేశాడు. సిరా ఆరాలని కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊదాడు.

"అయిపోయింది. రొట్టె తిని పోండ్రి," అన్నాడు.

అప్పుడు ఆయన ఫోన్ మోగింది. చిన్న ఫోన్, మోత మాత్రం పెద్దది. వినపడదు గనక ఎవరు చేసినా స్పీకర్ మీదే మాట్లాడతాడు. మీట నొక్కి మంచం మీద పెట్టాడు.

"సాయిలన్నా," అంది అవతలి గొంతు. దవాఖాన మోత వినిపిస్తోంది. "పోయిండే. ఇప్పుడే పోయిండు నర్సయ్య. చంద్రమ్మ వదినె ఇంటికాడ ఉన్నది, బట్టలకని పోయింది. ఆమెకు ఎవలన్న చెప్పాలె."

వసారాలో నలుగురూ ఆ మాట విన్నారు. సాయిలు ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. నిమిషం తర్వాత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఏడ్చాడు. ముసలివాళ్ళు ఏడిస్తే పెద్దగా వినపడదు, భుజాలు మాత్రం ఊగుతాయి.

దినేష్ లేచి కాగితం అందుకున్నాడు.

"ఆగు దినేష్," అంది రేఖ. "ఇందాకటి కాగితం వేరు. ఇప్పుడు మనిషి పోయాడు. ఇప్పుడది..."

"అందుకే ఇప్పుడు కావాలి."

"ఇది ఫైల్లో ఆగదు. కేసులో పెడతారు. ఆయన్ని తీసుకుపోతారు."

"లేకపోతే ఎవర్ని తీసుకుపోతారు? చెప్పు, ఇచ్చేస్తాను." కాగితాన్ని ఆమె ముందుకు చాచాడు. చేయి అందేంత దూరంలోనే ఉంది.

"తీస్కపోనీ బిడ్డా," అన్నాడు సాయిలు తల ఎత్తకుండా.

రేఖ చేయి లేవలేదు. దినేష్ కాసేపు చూసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. చెప్పులు వేసుకోవడానికి గుమ్మం దగ్గరికి నడిచాడు.

సక్కుబాయి పొయ్యిలో నీళ్ళు చల్లింది. చేతికంటిన పిండి కడుక్కుంది. కొంగు భుజం మీదికి లాక్కుంది.

"నేను చంద్రమ్మ ఇంటికి పోతున్న," అంది. "రేఖా, నువ్వు గూడ నడువు."

"నేనెందుకమ్మా..."

"గామె అడుగుతది. నాలుగు దినాల సంది అందర్ని అడుగుతున్నది, ఎవలు చేసిన్రు గిట్ల అని. మీ నాయిన చేసిండని నీ నోటితోని చెప్పు. నీ చేతితోని రాసినవ్ గద, నోటితోని చెప్పనీకి ఏమైతది?"

"సక్కు, ఊకో," అన్నాడు సాయిలు.

"ఇన్ని దినాలు ఊకున్న." ఆమె గొంతు పెరగలేదు. మంచం మీద ఇంకా వెలుగుతున్న ఫోన్ కేసి చూసింది. "మీ నాయినకు ఇనవడదు బిడ్డా. ఎవలతోని మాట్లాడినా గిట్లనే పెడతడు. సద్దుల బతుకమ్మ నాడు గూడ గిట్లనే పెట్టిండు. నేను గీడనే తంగేడుపూలు ఏరుకుంట కూసున్న. చూస్తాలెండి అన్నవ్."

తల్లి మొహంలోకి చూడలేక రేఖ గుమ్మం వైపు చూసింది.

దినేష్ ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో చెప్పు దగ్గర వంగి ఉన్నాడు. అంతా విన్నాడు. అలా వంగే కొంతసేపు ఉన్నాడు. తర్వాత రెండో చెప్పు కూడా వేసుకున్నాడు. కాగితాన్ని చొక్కా జేబులో పెట్టి, పైన గుండీ పెట్టుకున్నాడు. ఏ ఫోన్ అని అడగలేదు. ఏమన్నావని అడగలేదు.

"నాలుగవుతోంది," అన్నాడు. "నేను వెళ్తాను. నువ్వు అత్తమ్మతో వెళ్ళు."

కారు గల్లీ దాటే చప్పుడు వినపడింది. దాని వెనకే, పక్క గల్లీలో ఎవరో చంద్రమ్మను పేరుపెట్టి పిలుస్తున్నారు.

సక్కుబాయి వసారా దిగింది. వీధిలో నిలబడింది. కూతురు వస్తుందో రాదో అని వెనక్కి తిరిగి చూడలేదు, ముందుకూ నడవలేదు.